మూడో నంబరు బ్లోవరుకు కట్టని తాడు

కల్లియోనీవా,
20 ఏప్రిల్ 1986, ఆదివారం.

చిరంజీవి ఇల్మోకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ అలాగే ఉన్నావని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. నేను క్షేమం అన్న మాట ఒంటికి సంబంధించినంత వరకే నిజం. మిగతాది కింద రాస్తాను. అక్కడిదాకా రాయగలిగితే.

ముందు నీ ప్రశ్నలు. పాదాల బొబ్బలకు సూది పెట్టకు. నానమ్మ అల్లిన ఉన్ని మేజోళ్ళు రెండు జతలు, యాలకుల రొట్టె, ఒక నల్లటి రై పిండి రొట్టె పంపుతున్నాను. రొట్టె మొత్తం తోటి సిపాయిలకు పంచేసి, నాకు ముక్క కూడా మిగల్లేదని మళ్ళీ రాయకు. ఆవిరి స్నానాల గదిలో సౌనా పొయ్యి బాగుచేయించారా అని అడిగావు. లేదు. మీ నాన్నకు పని నుంచి వచ్చి బస్సు దిగగానే చేపల వేట తప్ప ఇంకో లోకం లేదు. ఏప్రిల్ వచ్చి మంచు పల్చబడింది, సరస్సు మీదికి పోవద్దంటే, ‘నా కాళ్ళకు తెలుసు’ అంటాడు. కాళ్ళకు తెలిస్తే ఇంకేం, బుర్ర ఎందుకు? ఆయన తిరిగి వచ్చి గుమ్మంలో బూట్లు విదిలించే దాకా నేను కిటికీ దగ్గరే ఉంటాను. ఈమధ్య నాకు భయం బాగా ఎక్కువైంది. పొయ్యి ఆర్పానా లేదా అని ముమ్మారు చూస్తున్నాను.

ఇక నీ మూడో ప్రశ్న. జూన్‌లో సైన్యం నుంచి విడుదలయ్యాక మా కాగితం మిల్లులో, గాలి ఊదే నా బ్లోవర్ల హాలులోనే పనికి చేరతానని, మేస్త్రీ రంటాలాకి ఒక మాట చెప్పమని రాశావు. చివర, ‘అమ్మ ఉంది కదా, ఆ హాలులో నాకేం భయం’ అన్నావు. ఆ వాక్యం చదివిన రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. రంటాలాకి నేనింకా ఏమీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం నీకు పని రాదని కాదు. నేర్పితే వస్తుంది. పోయిన నెల కొత్త బ్లోవర్ పెట్టాం. గచ్చు మీద సిమెంటు దిమ్మె ఆరడానికే పది రోజులు. ఆ తర్వాత కాళ్ళ కింద పల్చటి రేకులు పెట్టి మట్టం సరిచూడడం, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించడం. మీట ఒక్క క్షణం నొక్కి వదిలి, రెక్కల చక్రం బాణం గుర్తు వైపే తిరుగుతోందా అని చూడాలి. తీగలు అటూ ఇటూ కలిస్తే మోటారు వెనక్కి తిరుగుతుంది, గాలి కూడా కొంత వస్తుంది, అంతా బాగున్నట్టే మోసం చేస్తుంది. గొట్టంలో గాలిని ఆపే రేకు, అదే గాలి తలుపు, మూసి ఉంచే మొదలుపెట్టాలి, బెల్టులకు ఎదురుగా నిలబడకూడదు. కర్ర ఒక కొస బేరింగుకి, రెండో కొస చెవికి ఆనించి వినాలి. గ్రీజు ఎక్కువైనా బేరింగు మాడిపోతుంది. ఇవన్నీ మూడు వారాల్లో నేర్పగలను. ఇవి కాదు నా భయం.

ఆర్వో మామ నీకు గుర్తుండే ఉంటాడు. నీ పన్నెండో ఏట ఎడమ చేతి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. అప్పటికి ఆయన మా హాలులో పెద్ద ఫిట్టరు. ఇప్పుడు సామాన్ల గదిలో స్పానర్లు అందిస్తూ కూర్చుంటున్నాడు. ఆయన తొందరపడి బ్లోవరు చక్రానికి కట్టిన తాడు తానే విప్పేశాడని మిల్లంతా అనుకుంది. నీకూ నేను అదే చెప్పాను. అది అబద్ధం, ఇల్మో.

ఆ రోజు మూడో నంబరు బ్లోవరు వణుకుతోంది. రెక్కల మీద కాగితం ధూళి అట్టకట్టి ఒక పక్క బరువెక్కింది. కరెంటు తీసి, స్విచ్చికి ఆయన తాళం ఆయన, నా తాళం నేను వేసుకున్నాం. మా దగ్గర ఎవరి తాళం వాళ్ళదే, ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులోనే. అయినా అది చాలదు. పక్క బ్లోవర్లు నడుస్తుంటే వాటి గాలి ఒకే గొట్టంలోంచి వెనక్కి వచ్చి, ఆపిన చక్రాన్ని కూడా తిప్పేస్తుంది. కరెంటుకి తాళం వేయగలం కానీ గాలికి వేయలేం. అందుకే గాలి తలుపు మూసి, బెల్టు వైపు చక్రాన్ని తాడుతో కట్టేయాలి. ‘తలుపు మూసి తాడు కట్టు, నేను గీకుడు రేకు తెస్తాను’ అని ఆర్వో వెళ్ళాడు.

తలుపు మూశాను. తాడు హాలు అవతలి కొసన సొరుగులో ఉంది. ఇంతలో తొమ్మిది గంటల కాఫీ గంట కొట్టింది. మా వాళ్ళ సంగతి నీకు తెలుసు కదా, మిల్లు మునిగిపోతున్నా ఆ కాఫీ ఆగదు. వచ్చి కడదాంలే అనుకుని నేనూ పోయాను.

కాఫీ బల్ల దగ్గర ఆర్వో, ‘కట్టావా?’ అని అడిగాడు. చుట్టూ మగవాళ్ళు నలుగురు. హాలులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. వాళ్ళలో ఒకడు, ‘హిల్కా కడితే జడ వేసినట్టు కడుతుంది, సాయంత్రానికి ఊడొస్తుంది’ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య ‘ఇంకా కట్టలేదు’ అనడానికి నాకు నోరు రాలేదు. ‘కట్టాను’ అన్నాను. అందరికంటే ముందు లేచి వెళ్ళి కట్టేయాలని మనసులో లెక్క వేసుకున్నాను. సరిగ్గా అప్పుడే రంటాలా నన్ను ఆపి ఏవో సెలవుల గురించి అడిగాడు. ఆర్వో కప్పు పెట్టేసి లేచాడు. ఆయన వెళుతుంటే చూశాను. చూస్తూ రంటాలాకి సమాధానం చెబుతున్నాను. మర్యాదగా, నిదానంగా.

గాలి తలుపు రేకు తుప్పుపట్టి పూర్తిగా మూసుకోలేదట. అయినా చక్రం కదలకుండా ఉంది, ఎందుకంటే ధూళి బరువున్న పక్క కిందికి దిగి దాన్ని పట్టి ఉంచింది. ఆర్వో చెయ్యి లోపల పెట్టి ఆ ధూళినే గీకాడు. బరువు పోగానే చక్రం తిరిగింది.

నేను వెళ్ళేసరికి ఆయన అరవడం కూడా లేదు. చెయ్యి ఒడిలో పెట్టుకుని గచ్చు మీద కూర్చున్నాడు. అందరూ ఆయన్ని మోసుకుపోయారు. నేను ఒక్కదాన్నే మిగిలాను. ఇప్పుడు రాయబోయేది ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకు కూడా. సొరుగు దగ్గరికి పోయి తాడు తీశాను. తెచ్చి బెల్టు పక్కన, ఎవరో విప్పి పడేసినట్టు, నేల మీద పడేశాను. నా చేతులు అస్సలు వణకలేదు, నాయనా. అదే తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

విచారణలో ‘కట్టాను’ అన్నాను. చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ గీకడానికి ఆర్వోయే తాడు విప్పాడని కాగితం మీద రాశారు. ఆయన చదివి, కుడి చేత్తో సంతకం పెట్టి, సామాన్ల గదికి వెళ్ళిపోయాడు. ఏడేళ్ళు. రోజూ ఆయన చేతుల మీదుగానే గ్రీజు డబ్బా తీసుకుంటున్నాను.

మొన్న శుక్రవారం గ్రీజుకు వెళితే, నువ్వు ఆయనకూ ఉత్తరం రాశావని చెప్పాడు, ఏ బూట్లు కొనాలో అడుగుతూ. ఆ తర్వాత డబ్బా నా చేతికివ్వకుండా తన దగ్గరే పట్టుకుని, “వాడికి చెప్పావా?” అన్నాడు.

“ఏంటి అన్నా?”

“తాడు సంగతి.”

 

“నీకెప్పుడు తెలిసింది?” అన్నాను.

“చక్రం తిరిగినప్పుడే. కట్టిన చక్రం తిరుగుతుందా?”

“మరి నోరెత్తలేదేం?”

ఆయన డబ్బా మూత బిగించాడు.  “బ్లోవరు చుట్టూ బెల్టు వైపుకి నాలుగడుగులేస్తే తాడు ఉందో లేదో కనిపించేది. నేను వెయ్యలేదు. నువ్వు చెప్పావు కదా అని చెయ్యి పెట్టాను. ముప్పై ఏళ్ళ ఫిట్టర్ని, ఆ మాట విచారణలో చెప్పుకోడానికి సిగ్గేసింది,” అన్నాడు. నేను నా సిగ్గు కోసం అబద్ధమాడాను. ఆయన తన సిగ్గు కోసం నోరు మూసుకున్నాడు. మన ఊరి మంచితనం ఇంతేనేమో అనిపించింది.

“మనిద్దరి మధ్య ఉన్నంతసేపు ఉండనిచ్చా,” అన్నాడు. “ఇప్పుడు పిల్లాడు వస్తానంటున్నాడు. వాడు నీ మాట నమ్ముతాడే హిల్కా. నాకదే భయం.”

అప్పుడు డబ్బా నా చేతిలో పెట్టి, అప్పుడే గుమ్మంలోకి వచ్చినవాడిని పిలిచాడు.

రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. రేపు తొమ్మిదింటి కాఫీకి రంటాలా కూడా బల్ల దగ్గర ఉంటాడు. ఆ మగవాళ్ళలో ముగ్గురు ఇంకా ఉన్నారు. అక్కడే లేచి, తాడు కట్టలేదని, తర్వాత తెచ్చి పడేశానని చెప్పాలనుకుంటున్నాను. ఉద్యోగం పోవచ్చు. పోలీసుల దాకా వెళుతుందేమో తెలియదు. మీ నాన్న ముఖం ఎలా మారుతుందో ఊహించలేకపోతున్నాను. అన్నిటికంటే, ఇది చదువుతూ నువ్వు ఎక్కడ ఆగిపోతావో అని భయం. ఈ ఉత్తరాన్ని ఇప్పుడే రైలు స్టేషను తపాలా పెట్టెలో వేస్తాను. రేపు నోరు రాకపోయినా, నిజం తెలిసినవాడు ఒకడు మీ కయానీ సైనిక బారకాసుల్లో ఉంటాడు.

నువ్వు పనికి రావాలో వద్దో నీ ఇష్టం. వస్తే మాత్రం ఎవరు ‘కట్టాను’ అన్నా ఆ నాలుగడుగులు నడిచి చూడు. రంటాలా అన్నా సరే, నేనన్నా సరే. నన్ను నమ్మకపోతే నేను బాధపడను.

నాకు నా మీదే నమ్మకం లేదు కాబట్టి ఇంకొక్క మాట. రేపు కాఫీ దగ్గర అంతా చెప్పేశానని వచ్చే వారం నా దగ్గర్నుంచి నీకు ఉత్తరం రావచ్చు. నా మాట తీసుకోకు. ఆర్వో మామకి రాసి అడుగు.

ఇట్లు,
నీ క్షేమం తప్ప ఇంకేమీ అడగలేని
మీ అమ్మ,
హిల్కా