చెరిపేసిన లోతు

అక్కకు నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. నువ్వూ పాపా ఎలా ఉన్నారని అడగడానికి నోరు రావడం లేదు. దగ్గు తగ్గిందా అన్నావు, తగ్గింది. వేళకి తింటున్నావా అన్నావు. మా పరిశోధన క్షేత్రం క్యాంటీన్ వంటామె నా మొహం చూసి జాలిపడి, వద్దన్నా కంచం నింపేస్తోంది.

"ఆ నేలమీద లేజరుతో ఏం కొలిచావురా?" అని అడిగావు. మీటరు పొడవు చట్రం ఒకటి నేలమీద పెడతాం. ఎర్రటి చుక్క మట్టిగడ్డల మీద పాకుతూ ఎత్తుపల్లాలన్నీ నమోదు చేస్తుంది. పెద్ద గడ్డ మీద చిన్న గడ్డ, దానిమీద ఇంకా చిన్నది. ఎంత దగ్గరగా చూసినా గరుకు గరుకే. దాన్నంతా ఒక్క అంకెలోకి దించడాన్ని ఫ్రాక్టల్ లెక్క అంటారు. వాన నీరు ఇంకుతుందో, మట్టిని ఈడ్చుకుపోతుందో ఆ అంకెను బట్టి చెప్తాం. అదే క్షేత్రంలో ట్రాక్టరు తోలే బావ, బండి ఆపి మరీ ఏడిపించేవాడు, "ఏంట్రా బావమరిదీ, మట్టికి ఎక్స్‌రే తీస్తున్నావా?" అని.

నీ రెండో ప్రశ్నకి జవాబు రాయలేక మూడు వారాలు తాత్సారం చేశాను. వెళ్ళొద్దన్న చోటికి బావ ట్రాక్టరు తోలాడని విచారణలో అంటున్నారు, నిజమా అన్నావు. అబద్ధం.

వాలు చివర, గట్టు అంచున ఆ నేల కొలిచింది నేనే. వరసగా మూడు చట్రాల్లో, ఒకే గీత వెంట, చుక్క లోపలికి దిగిపోయింది. ఎండ నేరుగా పడితే లేజరు ఒక్కోసారి లేని లోతులు చూపిస్తుంది. అలాంటివి చెరిపేసి పక్క అంకెలతో పూడ్చడం మాకు అలవాటే. అలాగే చేశాను. లెక్క చక్కగా కుదిరింది. పది అడుగులు వెనక్కి వెళ్ళి వంగి చూసుంటే, నేల చీలి ఉందని కళ్ళకే కనబడేది. బద్ధకించాను అక్కా.

ఆ పొద్దున బావ అడిగాడు కూడా. "అంచుదాకా దున్నమన్నారు. అక్కడ నేల గట్టిదేనా?"

"నిక్షేపంగా వెళ్ళు బావా, నేను కొలిచాను కదా."

గంట తిరక్కుండా అంచు విరిగిపడి ట్రాక్టరు ఆయన మీద బోర్లాపడింది. నీ పక్కన కూర్చుని ఏడ్చాను గానీ ఈ మాట చెప్పలేదు. భయమేసింది.

చెరపకముందు కొలతలు కంప్యూటర్లో అలాగే ఉన్నాయి. ఇవాళ వాటిని విచారణాధికారి చేతిలో పెట్టి, జరిగింది రాసి, సంతకం చేసి వచ్చాను. ఉద్యోగం ఎలాగూ పోతుంది, కేసు కూడా పెడతారట. పెట్టనీ.

"మీ నాన్నకి ట్రాక్టరు తోలడం రాదు" అని బడిలో పాపని అంటున్నారని రాశావు. వాళ్ళ నాన్న అడిగే వెళ్ళాడని చెప్పమను. ఎవరిని అడిగాడంటే, మా మావయ్యని అని చెప్పమను.

ఇట్లు,
నీ తమ్ముడు