దించకూడని అంకె

మూడో తారీఖు

చిట్టికి బావ ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఫోను చేద్దామంటే, ముప్పై ఎనిమిదేళ్ళు బాయిలరు పక్కన నిలబడ్డ చెవులు ఇవి. నువ్వు ఏం చెప్పినా నాకు ఆవిరి చప్పుడే. అందుకని ఉత్తరం.

మీ అక్క కంప్యూటరు మొరాయిస్తోంది. బాయిలరు లోపల నీళ్ళూ ఆవిరీ ఎలా తిరుగుతాయో కొత్తగా పనిలో చేరినవాళ్ళకు చూపించే బొమ్మల సినిమా తను చేస్తుండేది కదా. పనంతా అయిపోయింది. చివరి మీట నొక్కి తొమ్మిది గంటలు వదిలేస్తే సినిమా తయారవుతుందని కాగితం రాసిపెట్టింది. పదకొండు నెలలుగా నేను ఆ గదిలో కూర్చోలేదు. ఈ నెల ముప్పైన రిటైరవుతున్నాను. ఆ రోజు మిల్లులో సినిమా చూపిస్తానని మాట ఇచ్చేశాను.

మీట నొక్కితే మూడు గంటలు బాగానే నడుస్తుంది. తర్వాత తెర మీద రంగు గళ్ళు పుడతాయి, తెర నల్లబడుతుంది, అంతా మళ్ళీ మొదటికి వస్తుంది. నిన్న సెలవు కాబట్టి పక్కనే కూర్చుని లెక్కపెట్టాను. ఆకుపచ్చవి పదకొండు, వంగపండు రంగువి ఏడు.

ఇట్లు,
బావ

తా.క.: లెక్క పూర్తయ్యేలోపు తెర ఆరిపోయింది. వంగపండు రంగువి ఎనిమిది ఉండొచ్చు.


ఆరో తారీఖు

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం షాపులో నిలబడే చదివాను. గళ్ళ రంగులు నాకు అక్కర్లేదు, గళ్ళు వచ్చాయంటే చాలు.

కంప్యూటరులో బొమ్మలు గీసే భాగాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. దానికి సొంతంగా మెమరీ ఉంటుంది. పని తొందరగా కావాలని అక్క ఆ మెమరీ వేగాన్ని కంపెనీ పెట్టినదానికంటే పెంచింది. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటాం. బాయిలరులో ఒత్తిడి మోతాదు మించి పెంచడం లాంటిదే. తెర మీద కుడిమూల ఎర్ర గుర్తు నొక్కితే మెమరీ అని, దాని ఎదురుగా 1500 అని ఉంటుంది. కంపెనీ వేగం మీద అదనంగా పెంచింది అంతన్నమాట. దాన్ని 1400కి దించి చూడండి. కుదరకపోతే 1200, ఆ తర్వాత 1000. ఒక్కో మెట్టూ దించి ఏం జరిగిందో రాయండి.

మీ బావమరిది

తా.క.: కవరు మీద 'చిట్టి, కంప్యూటర్ల షాపు' అని రాయకండి. నాకు నలభై దాటాయి. పోస్టుమాన్ కూడా చిట్టీ అని పిలుస్తున్నాడు.


పదో తారీఖు

చిట్టికి బావ ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక నోటుపుస్తకానికి గీతలు కొట్టి రిజిస్టరు తెరిచాను. తారీఖు, గంట, అంకె, గళ్ళు, నా సంతకం, మెకానిక్ సంతకం. రోజూ ఆరింటికి అంకె దించి గంటన్నర ఊరికే నడిపి ట్రయల్ చూస్తున్నాను. ఒక్క గడీ రావడం లేదు. సినిమా మీట నొక్కి డ్యూటీకి పోతున్నాను. అయిదున్నరకు వచ్చి చూస్తే తెర నల్లగా ఉంటోంది. 1400, 1200, 1000, మూడు రోజులూ ఇదే తంతు.

ఇంకో మాట. మీ అక్క మోతాదు మించే మనిషి కాదు. కూరలో ఉప్పు కూడా నన్ను అడిగి మరీ వేసేది. తెర అంచున తన చేత్తో రాసిన చీటీ అంటించి ఉంది: '1500. కదిలించవద్దు.' నేను కదిలిస్తున్నది నీ మాట మీదే. అది గుర్తు పెట్టుకో.

ఇట్లు,
బావ

తా.క.: పోస్టుమాన్ నిన్ను చిట్టి అంటే తప్పేముంది? పెద్దవాడు కదా.


పన్నెండో తారీఖు

బావగారికి నమస్కారాలు.

పోస్టుమాన్ నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు.

1000లో కూడా ఆగిందంటే నాకు అంతుపట్టడం లేదు. ఆ ప్రోగ్రాము అంకెను తనంతట తనే పెంచుకుంటోందా, లేక మీరు లేనప్పుడు ఇంకెవరైనా ముట్టుకుంటున్నారా? ఇంటికి ఎవరెవరు వస్తుంటారు? గదికి తాళం వేసి వెళ్ళండి.

ఇక మెట్లూ గిట్లూ వద్దు. అంకె నేరుగా సున్నాకి దించండి. సున్నాలో కూడా గళ్ళు వస్తే కార్డులో మెమరీ చచ్చిపోయినట్టే. కార్డు ఊడదీసి నాకు పార్సిల్ చెయ్యండి. అలాంటిది ఇప్పుడు దొరకడం కష్టం. నెలాఖరుకు సినిమా మాట మర్చిపోవాల్సిందే. ముందే చెబుతున్నాను.

మీ బావమరిది

తా.క.: నేను వద్దామంటే షాపు చూసేవాళ్ళు లేరు.


పదిహేనో తారీఖు

చిట్టికి బావ ఆశీస్సులు.

సున్నా పెట్టి చూశాను. ట్రయల్ బాగానే ఉంది, సినిమా ఆగిపోయింది. నువ్వు చెప్పావని గదికి మిల్లు తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఇంటికి ఎవరెవరు వస్తారని అడిగావు. ఎవరూ రారు. ఈ నెలలో వచ్చింది నీ ఉత్తరాలే.

ఈ ఆదివారం కార్డు ఊడదీస్తాను. మిల్లులో చెప్పుకోవడానికి మాట వెతుక్కోవాలి. ఇన్నేళ్ళలో అక్కడ నేను అన్నమాట తప్పలేదు.

ఇట్లు,
బావ

తా.క.: డ్యూటీకి బయల్దేరే ముందు అంకెను రోజూ 1500కి తిప్పి పెట్టి, ఆ తర్వాతే సినిమా మీట నొక్కుతున్నాను. యంత్రం ఎలా చేతికొచ్చిందో అలా అప్పజెప్పి దిగడం మా పద్ధతి. ఆ విషయంలో నీకు బెంగ అక్కర్లేదు.


పదిహేడో తారీఖు

బావగారూ,

కార్డు ఊడదీయకండి! ఇప్పటికే తీసేసి ఉంటే తిరిగి పెట్టండి.

పది రోజులుగా నా బుర్ర తినేశారు. షాపుకొచ్చిన ప్రతి మెకానిక్కునీ అడిగాను, సున్నాలో కూడా చచ్చే మెమరీ ఏమిటని. ఒకాయన మీ ఇంట్లో కరెంటు మంచిది కాదన్నాడు. ఇంకొకాయన కంప్యూటరు తూర్పుకు తిప్పమన్నాడు. తీరా చూస్తే, దించిన అంకెతో ఆ సినిమా ఒక్కసారి కూడా నడవలేదు!

సున్నా పెట్టండి. పెట్టి, దండం పెడతాను, తిప్పకుండా అలాగే వదిలేసి డ్యూటీకి పోండి. తొమ్మిది గంటల బదులు పదకొండు పడుతుంది, అంతే.

మీ బావమరిది

తా.క.: అక్క మీతో ఎలా వేగిందో!


ఇరవయ్యో తారీఖు

చిట్టికి బావ ఆశీస్సులు.

నవ్వుతూ వేగింది. కార్డు తియ్యలేదు, నీ ఉత్తరం వచ్చేసరికి స్క్రూడ్రైవరు వెతుకుతున్నాను.

సున్నా పెట్టను. ఈ అంకె మీద తను రెండేళ్ళు పని చేసింది. ఒక్క గడీ రాలేదు. అదే యంత్రం, అదే అంకె, ఇప్పుడు గళ్ళు వస్తున్నాయి. మా బాయిలరులో ఇలా జరిగితే గేజీని తిట్టం, చుట్టూ ఏం మారిందో చూస్తాం. సున్నాలో సినిమా పూర్తయితే మీ అక్క రాసిన చీటీ తప్పని నేను సంతకం పెట్టినట్టే. పెట్టను.

నేను యంత్రాన్ని ఎంత బాగా చూసుకుంటున్నానో నీకు తెలియాలి. పక్క మూత ఊడదీసి గోడకు ఆనించి ఉంటే, తెచ్చి నాలుగు స్క్రూలూ బిగించాను. దుమ్ము పడకుండా మీ అక్క శాలువా నిండా కప్పాను. దాని ముందున్న టేబుల్ ఫ్యాను గుడ్డ చుట్టి అటక మీద పెట్టాను. కిటికీ మూసేసి గడియ పెట్టాను. ఇంతకంటే ఏం చెయ్యాలి?

ఇట్లు,
బావ

తా.క.: కిటికీ ఎందుకు మూశానని అడుగుతావేమో. పక్కింటి టైలరమ్మ అక్కడ నిలబడే మీ అక్కతో మాట్లాడేది. తను పోయాక ఒకసారి నన్నేదో అడిగింది. వినపడక నిలువుగా తల ఊపాను. కాసేపటికి గిన్నెడు కూర తెచ్చింది. మర్నాడు ఇంకేదో అడిగితే అడ్డంగా ఊపాను. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఏం అడిగిందో ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి తియ్యలేదు.


ఇరవై మూడో తారీఖు

బావగారికి నమస్కారాలు.

మీరే గెలిచారు. అంకె తప్పు కాదు.

ఆ వేగంలో మెమరీ పెనంలా వేడెక్కుతుంది. అందుకే అక్క మూత తీసి, ఫ్యాను ఎదురుగా పెట్టి, కిటికీ తెరిచి పని చేసింది. మీరు దాన్ని జ్వరం వచ్చిన మనిషిలా శాలువా కప్పి పడుకోబెట్టారు.

శాలువా తియ్యండి. మూత తియ్యండి. ఫ్యాను దించండి. కిటికీ తియ్యండి. అంకె అక్క పెట్టిన చోటే ఉంచండి.

మీ బావమరిది

తా.క.: టైలరమ్మ అడిగితే తల ఊపకండి. కాగితమూ కలమూ ఇవ్వండి. మీతో నాకు కుదిరింది కదా.


ముప్పై ఒకటో తారీఖు

చిట్టికి బావ ఆశీస్సులు.

ఇరవై ఆరున నాలుగూ చేశాను. కిటికీ గడియ బిగుసుకుపోయి సుత్తితో కొట్టాల్సి వచ్చింది. ఆ చప్పుడుకు టైలరమ్మ బయటికొచ్చింది. కాగితమిచ్చాను. 'మీ ఆవిడ మిషను మీద కుట్టమని ఇచ్చిన కిటికీ తెరలు మీకు అక్కర్లేదా అని ఆ రోజు అడిగాను' అని రాసింది. తెరలు తెచ్చింది. కిటికీకి కట్టాను. గాలికి ఎగురుతున్నాయి.

అంకె 1500. తొమ్మిది గంటల రెండు నిమిషాలు. గళ్ళు లేవు.

నిన్న మిల్లులో వేశాం. నీళ్ళు నీలంగా, ఆవిరి తెల్లగా తిరుగుతాయి. మంట దగ్గర ఎత్తుపీట మీద ఒక మనిషి రిజిస్టరు పట్టుకుని కూర్చుని ఉంటాడు. అందరూ నావైపు చూసి నవ్వారు. పోలికంతా నాదే, కాకపోతే తల నిండా జుట్టు పెట్టింది. చివర్లో వాడు లేచి, అంతవరకూ తిప్పిన చక్రాన్ని మొదటున్న చోటికి తిప్పి, దులుపుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ వెయ్యమన్నారు. మూడుసార్లు వేశాం.

ఇవాళ నాకు డ్యూటీ లేదు. అలవాటు కొద్దీ ఆరింటికి లేచి ఆ గదిలో కూర్చున్నాను.

ఇట్లు,
బావ

తా.క.: రిజిస్టరులో అన్ని గడులూ నింపాను. 'మెకానిక్ చూసి సంతకం చేశాడు' అన్న గడి ఒక్కటే ఖాళీ. అది పోస్టులో నింపేది కాదు. ఆదివారం షాపు మూసే ఉంటుంది కదా.