బీరువా వెనక గోడ

అన్నయ్యకి,

'ప్రియమైన' అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు, ఏమనుకోకు. అనుకున్నా సరే. ఫోన్ చేస్తే "వద్దన్నానా, వద్దంతే!" అని టక్కున పెట్టేస్తున్నావు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టెయ్యలేవుగా.

పెళ్లయ్యాక ఆరు అద్దె ఇళ్లు మారాం. గోడకి మేకు కొట్టాలన్నా ఓనరుని అడగాలి. ఇన్నాళ్లకి మా స్తోమతకి తగ్గ ఇల్లు దొరికింది. నలభై ఏళ్ల పాతదే, కాదనను. వెనక గదిలో పొద్దున్నే ఎండ పడుతుంది, పాప అప్పుడే అది తన గదనేసుకుంది. ముప్పై ఏళ్లుగా తాపీ మేస్త్రివి, నా సొంత అన్నవి, ఒక్కసారి వచ్చి చూడమంటే గడప తొక్కకుండానే వద్దంటావా? కారణం అడిగితే నీళ్లు నములుతావా? నాకో ఇల్లు కుదరడం నీకంత కంటగింపుగా ఉందా?

నువ్వు రాకపోతే కొంపలేం మునగవు. ఇళ్లు తనిఖీ చేసే ఇంజనీరుని పిలిచాను. ఆదివారం వస్తాడు. ఆయన బాగుందంటే సోమవారం సంతకం పెట్టేస్తాను.

పీకల్దాకా కోపంతో,
నీ చెల్లెలు

* * *

నా కందిరీగకి,

కుట్టు, ఎంత కావాలంటే అంత కుట్టు. కానీ కంటగింపు అన్నావు చూడు, ఆ మాట నా ఎదురుగా అనుంటే తెలిసేది. నిన్ను భుజాన మోసి బడికి తీసుకెళ్లినవాణ్ణే! మీ వదిన కూడా ఆ ముక్క చదివి చాలా బాధపడింది.

మొండిఘటానివి, చెప్పినా వినవు. ఇంజనీరుని పిలిచావుగా, మంచిది. వాళ్లు పైపులూ వైర్లూ చూసి, నాలుగు ఫొటోలు తీసుకుని పోతారు. అలా పోనివ్వకు. వెనక గదిలో చెక్క బీరువా పక్కకి జరిపించి, ఆ గోడ తట్టి చూడమను. బరువుంటుంది, నలుగురు పట్టాలి. అది జరిగేదాకా అక్కణ్ణుంచి కదలకు.

ఇంతకు మించి అడక్కు. కోపం నాకూ ఉంది.

అన్నయ్య

* * *

అన్నయ్యా,

ఇంజనీరు మూడు గంటలు చూశాడు. అటకెక్కాడు, కొళాయిలు తిప్పాడు, చెమ్మ కొలిచే మీటరు గోడలకి ఆనించాడు. "పాత ఇంటికి ఈమాత్రం మామూలేనండి" అని కాగితాలు సర్దుకుంటుంటే బీరువా సంగతి చెప్పాను. ఓనరు మొహం మాడిపోయింది. "జరిపితే విరుగుతుందండీ" అన్నాడు. విరిగితే కొత్తది కొనిస్తానన్నాను.

గోడ డొల్లగా పలికింది. ఓనరు వద్దు వద్దంటున్నా ఇంజనీరు చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కుని నేనే పొడిచాను. పెచ్చులూడితే లోపల నా చెయ్యి మణికట్టు దాకా దూరేంత పగులు! కాగితాలూ చెక్కముక్కలూ కుక్కి, పైన నున్నగా మెత్తారు. ఆ మూల పునాదే కుంగుతోందట. గోడ ఎప్పుడు కూలుతుందో చెప్పలేనన్నాడు. పాప మంచం అక్కడే వేద్దామనుకున్నాను అన్నయ్యా. "మెత్తినవాడు మంచి పనివాడండీ, బీరువా జరపకపోతే నేనూ పట్టుకోలేకపోయేవాణ్ణి" అని మెచ్చుకున్నాడు కూడా.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ చదివాను. అక్కడ బీరువా ఉందని నేను నీకెప్పుడూ చెప్పలేదు. ఛీ! ఆ గోడ మెత్తింది నువ్వే కదూ?

ఆ ఇల్లు నేను కొనడం లేదు. పాప నాతో మాట్లాడటం మానేసింది. నిన్న అటుగా వెళ్లి లోపలికి తొంగిచూస్తే, ఓనరు గోడకి మళ్లీ పూత వేయించి, బీరువా యథాప్రకారం పెట్టించి, ఇంకో జంటకి చూపిస్తున్నాడు. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. నేను చెప్పబోతే, బేరం కుదరక ఏడుస్తోందన్నాడు. వాళ్లూ నవ్వారు. నా మాట నమ్మరు, చేసినవాడే చెప్పాలి. వెళ్లి నీ నోటితో చెప్పు. చెప్పకపోతే నాకు అన్న లేడనుకుంటాను.

ఇంకేం రాయాలో తెలియని
చెల్లెలు

* * *

ప్రియమైన చెల్లీ,

వెళ్లాను. పదకొండేళ్ల కిందట ఆ పగులు దాచింది నేనేనని ఆ జంటకి చెప్పాను. కొత్త పూత నా చేత్తోనే చెక్కేసి చూపించాను. ఆ కుర్రాడు నా కాలరు పట్టుకున్నాడు, విడిపించుకోలేదు. "ఇంక నీకీ ఊళ్లో పనెలా దొరుకుతుందో చూస్తా" అన్నాడు ఓనరు. చూడమన్నాను.

మా పనిలో దీన్ని తప్పని ఎవరూ అనరు. అడిగినవాడు అడుగుతాడు, మెత్తేవాడు మెత్తుతాడు, మర్నాడు ఇంకో ఇల్లు. ఆ గోడ పక్కన ఎవరు పడుకుంటారో ఆలోచించం. నువ్వు ఆ వీధి పేరూ, ఆ వెనక గదీ చెప్పగానే అది ఆ ఇల్లేనని తెలిసిపోయింది. అయినా నిజం చెప్పే దమ్ము లేక నీ మీదే అరిచాను.

అలాంటివి ఇంకో మూడు ఇళ్లు చేశాను. రెండింటికి వెళ్లి చెప్పొచ్చాను. ఒకళ్లు మొహాన తలుపేశారు. మూడోది కొన్నవాడు, కొనేముందు నన్నే తీసుకెళ్లి చూపించాడు. "నువ్వుండగా ఇంజనీరెందుకు బావా" అన్నాడు. నేను మెత్తిన గోడ ముందే నిలబడి, బాగుంది, కొనుక్కో అన్నాను. నీకు వద్దన్నాను, వాడికి అనలేకపోయాను. వాడు మీ వదిన తమ్ముడు. వాడి పిల్లలిద్దరూ ఆ గదిలోనే పడుకుంటున్నారు.

మీ వదిన పక్క గదిలో ఉంది. ఈ ఉత్తరం ఇప్పుడే ఆమె చేతికిస్తున్నాను. పోస్టులో వెయ్యాల్సింది ఆమే. నీకు అందిందంటే, ఆమె చదివినట్టే.

అన్నయ్య