ఎడమ చెవిలో మసక

శనివారం రాత్రి

ఖరీదైన ఇయర్‌ఫోన్లు ఎంచుకుందామని నెల్లూరు షాపుకి వెళ్ళాను. మూడు రకాలు చెవుల్లో పెట్టుకుని చూశాను. మూడింట్లోనూ ఎడమవైపు పాట మసకగా ఉంది. మసక కంటికి వాడే మాటే, కానీ నాకు ఇంకోటి తోచలేదు.

"ఇవి పాడైనట్టున్నాయన్నా."

"మూడూ ఒకేసారి ఎట్ల పాడైతాయమ్మా? అటుది ఇటు పెట్టి చూడు."

మార్చినా ఎడమ చెవిలోనే మసక. షాపతను ఇక బేరం మాట్లాడలేదు. "ముందు డాక్టరుకి చూపించుకో తల్లీ" అన్నాడు.

నాన్న చేపల పడవలో నేను కూర్చునే చోటికి ఎడమ పక్కనే ఇంజను. ఆ మోతకే నాన్నకు చెవులు మందగించాయి. నాకూ అదేనని తెలిస్తే ఆయన తట్టుకోగలడా?

ఇంటికి రాగానే "కొన్నావా?" అని అడిగాడు.

"నచ్చలేదు నాన్నా."

"ఆఁ?"

అదే అబద్ధాన్ని మళ్ళీ గట్టిగా అరిచి చెప్పాను.