నడవలో కొండదోవ

బ్నీద్ అల్ గార్, కువైట్
1990 సెప్టెంబరు 16, ఆదివారం

నా చేతిలో మొట్టమొదటి డిక్షనరీ పెట్టిన ఖాజా హుస్సేన్ సార్ గారికి,

వెంకటేశ్వరి నమస్కారాలు. ఈ రోజు చూసిన మొదటి వింతతోనే మొదలుపెడతాను. తెల్లవారి నేను లేచేసరికి ఈ ఇంటి ముసలామె పెద్ద మామా చెప్పులు వేసుకుని, చేతికర్ర పట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. నెల కిందట కాలు నేలమీద పెట్టనని గోడవైపు తిరిగి పడుకున్న మనిషి! నన్ను చూసి, "యల్లా బింతీ, పద బిడ్డా, ఎండెక్కితే కొండ ఎక్కలేం" అంది.

మేమంతా క్షేమం. ఈ మాట అందరూ అలవాటుగా రాస్తారు. నేను మాత్రం ఒక్కొక్కరినీ చూసుకుని రాస్తున్నాను. అమ్మ వంటింట్లో ఉంది. మన రాయచోటి డ్రైవర్ మస్తానన్న కారు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. పెద్ద మామా నా పక్కనే తస్బీ పూసలు తిప్పుకుంటోంది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు సార్. ఆమె తల్లిని మేము పెద్ద మామా అంటాం. అమ్మ ఈ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా వంట చేస్తోంది. నేను పోయినేడు పదో తరగతి అవగానే పెద్ద మామాకు తోడుగా వచ్చాను.

జులైలో మామా భర్తనూ పిల్లలనూ తీసుకుని స్పెయిన్ దేశం పోయింది. మోకాలికి ఆపరేషన్ అయిన పెద్ద మామాను మాకు అప్పగించింది. ఆగస్టు రెండో తేదీన ఇరాక్ సైన్యం వచ్చింది. బయటి దేశాలకు ఫోన్లు పోయాయి, పోస్టు పోయింది. వారం తిరగకముందే పెద్ద మామా తన మెడలోని తాళంచెవితో ఇనప్పెట్టె తీయించి మా ముగ్గురి పాస్‌పోర్టులూ ఇచ్చేసింది. వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరున్న పాస్‌పోర్టు అడగకుండా చేతికి రావడం ఇక్కడ ఎంత పెద్ద మాటో మీకు తెలియదు సార్. "మీ దేశం వాళ్ళు బాగ్దాద్ మీదుగా పోతున్నారట, మీరూ పోండి" అంది. అమ్మ పాస్‌పోర్టును కళ్ళకద్దుకుని పప్పుడబ్బాలో దాచింది. "ముసిలామెను ఒక్కతిని ఇడిసిపెట్టి యాడికి పోతాం? పోయినా అన్నం దిగుతాదా?" అంది నాతో.

పక్కింటి అబూ సాలెం కుటుంబం సౌదీ వైపు పోవాలనుకుంటున్నారు. పెద్ద మామాను తీసుకుపోతామన్నారు గానీ ఒక మాట చెప్పారు. సరిహద్దు దగ్గర కారు దిగి చాలా దూరం నడవాల్సి రావచ్చు. చంకన ఎత్తుకోవలసిన పిల్లలే ముగ్గురున్నారు. ఆమె తన కాళ్ళమీద నడిస్తేనే తీసుకుపోగలం అని. అంటే ఆమె నడిస్తేనే ఆమెకు దారి, ఆమెకు దారి దొరికితేనే మాకు బాగ్దాద్ బస్సు.

కట్టు మార్చడానికి వచ్చే నర్సు సారమ్మక్కది పాలకొల్లు. కాలు చూసి, "ఎముక ఎప్పుడో అతుక్కుందండీ. మామ్మగారికి ధైర్యమే ఇంకా అతుక్కోలేదు" అంది. పెద్ద మామా మాత్రం అన్నం ముట్టదు, మాట్లాడదు. కూతురి కబురు తెలిస్తేనే లేస్తానంటుంది. కబురు ఎక్కడి నుంచి తేవాలి?

అప్పుడు ఒక అబద్ధం ఆడాను సార్. మీ దగ్గర దాచను.

మామా ప్రయాణానికి కొనుక్కుని సోఫా కింద మరిచిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. స్పెయిన్ దక్షిణాన అల్పుహర్రా అనే కొండపల్లెల సీమ ఉంది. అక్కడ కాలినడకన తిరిగేవాళ్ళకు దారులూ, చూడవలసిన పాత కట్టడాలూ చెప్పే పుస్తకం అది. అందులోంచి నాలుగు పేజీలు చింపి, "మామా జులైలో రాసిన ఉత్తరాలు, మస్తానన్న కారులో పెట్టి మరిచిపోయాడు" అన్నాను. ఇంగ్లీషులో ఉన్నాయేమంటే, నా చేత చదివించమని అలా రాసిందన్నాను. పెద్ద మామా కళ్ళకు పొర కమ్మింది, అక్షరాలు కనబడవు. ఏమీ అడగలేదు. మస్తానన్నను మాత్రం వారం రోజులు తిట్టింది. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "మతిమరుపు నాదంట, ఉత్తరాలు నీవంట! నీ సదువు సల్లగుండ, నా ఉద్యోగానికే ఎసరు పెడితివే పాపా" అన్నాడు. అమ్మ నవ్వింది. సైన్యం వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

పగలంతా డిక్షనరీ ముందు పెట్టుకుని అర్థం రాసుకోవడం, సాయంత్రం నా వంటింటి అరబ్బీలో చెప్పడం. ఎన్ని మాటలు దొరికాయో సార్! ట్రెయిల్ అంటే దారి అనుకున్నాను. మీ డిక్షనరీ 'జాడ' అని కూడా చెప్పింది. ముందు నడిచినవాళ్ళ జాడే వెనక వచ్చేవాళ్ళకు దారి అవుతుందని తెలిసి ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను. ఆ పల్లెల్లో ఇళ్ళన్నీ తెల్లసున్నం వేసినవి. పైకప్పులు మాత్రం బల్లపరుపుగా, దూలాల మీద రాతి పలకలు పరిచి, పైన నీరు దిగని బూడిదరంగు మన్ను పోసి ఉంటాయట. చదివి ఎగిరి గంతేశాను. అది మన చౌడు మిద్దే కదా! వానకు ముందు మా అవ్వ మిద్దెక్కి చౌడు పోసి తొక్కేది. స్పెయిన్ అవ్వలు కూడా తొక్కుతారేమో. కొండ పక్కలంటా పారే సన్న కాలవలు వెయ్యేళ్ళ కిందట అరబ్బులు తవ్వినవట. ఆ మాట చెప్పగానే పెద్ద మామా గోడవైపు నుంచి ఇటు తిరిగింది. "ఇప్పుడు కూడా పారుతున్నాయా?" అని అడిగింది. పారుతున్నాయన్నాను. లేచి కూర్చుంది.

మరునాడు నేనొక షరతు పెట్టాను. మామా నడిచినంత దూరం మనమూ నడిస్తేనే తర్వాతి ఉత్తరం. పడకగది నుంచి వంటింటి దాకా ఉన్న నడవ ఆమె అడుగులతో ఇరవై రెండు. పడకగది గుమ్మం పుస్తకంలోని పంపనేరా అనే ఊరు. చెప్పుల అర దగ్గర బుబియోన్. వంటింటి గడప కపిలేరా. ఫ్రిజ్ దగ్గర కొండ ఊట, అక్కడ నీళ్ళు తాగాలి. వీధి వైపు పరదాలు దించే ఉంచుతాం. చుట్టు పూర్తయినప్పుడల్లా ఆమె తస్బీలో ఒక పూస జరుపుతుంది. మొదటి రోజు ఒక్క పూస, అదీ ఏడ్చి. పుస్తకం గంట నడక అన్నచోట మాకు నాలుగు రోజులు పట్టింది. బయట సైనికుల బండ్లు ఆగిన చప్పుడైతే నేను దారి చెప్పడం ఆపేసి పరదా వైపు చూసేదాన్ని. అప్పుడు ఆమె నా భుజం గట్టిగా పట్టుకుని, "ఎక్కడున్నాం? చెప్పు, చెప్పు" అనేది. నేను మళ్ళీ చెప్పడం మొదలుపెట్టేదాన్ని.

ఓడిపోయిన గ్రనడా అరబ్బు రాజు కోట విడిచి ఈ కొండలకే వచ్చాడని చదివిన రోజు, "తాళంచెవి ఎవరి చేతికిచ్చాడు?" అని అడిగింది. ఆ వివరం నా పేజీలో లేదన్నాను. మెడలోని తాళంచెవిని తడుముకుంది. ఆ రోజు పూసలు జరపడం మరిచిపోయి నడిచింది.

త్రెవేలెస్ అనే ఊరు ఇంకా ఎత్తున ఉంది. ఆ ఊరి హామ్ చాలా పేరున్నదట. డిక్షనరీలో 'ఉప్పు పట్టించి ఎండించిన తొడమాంసం' అని ఉంది. దూలాలకు వేలాడదీసి కొండగాలికి ఆరబెడతారట. మన ఉప్పుకండాలు గుర్తొచ్చి నోరూరింది. మామా రెండు ముక్కలు ఎక్కువే తిన్నదనీ, పిల్లలు ఇంకా కావాలని మారాం చేశారనీ నా వంతు కలిపి చదివాను. పెద్ద మామాకు పొలమారి ముసుగులో ముఖం దాచుకుని చాలాసేపు దగ్గింది. మంచినీళ్ళిచ్చాను.

నిన్నటికి ముప్పై మూడు పూసలూ పూర్తయ్యాయి. కర్ర ఉంది గానీ దాని మీద భారం లేదు. అబూ సాలెం వచ్చి చూసి, రేపే ప్రయాణం అన్నాడు. మేము ఎల్లుండి బస్సులో కూర్చుంటాం. సారమ్మక్క ఈ రోజే పోతోంది. బొంబాయిలో దిగగానే ఈ ఉత్తరం పోస్టు చేస్తానంది. దారిలో ఏం జరుగుతుందో తెలియదు కనుక, నా కృతజ్ఞత నాకంటే ముందు మిమ్మల్ని చేరాలని రాస్తున్నాను. రైలెక్కే రోజు మీరు ఆ పాత డిక్షనరీ ఇచ్చి, "రోజుకు ఐదు మాటలు, యాడున్నా సరే" అన్నారు. ఆ ఐదేసి మాటల మీదే ఒక మనిషి లేచి నడిచింది సార్.

ఎల్లప్పుడూ మీ విద్యార్థిని,
వెంకటేశ్వరి

తా.క.: సారమ్మక్క సంచి గుమ్మంలో ఉంది, ఆమె అన్నం తింటోంది. ఇంతలో ఒక సంగతి జరిగింది. మనసు ఆగక పెద్ద మామా కాళ్ళదగ్గర కూర్చుని, ఆ ఉత్తరాలు మామావి కావని ఏడుస్తూ చెప్పేశాను. ఆమె నవ్వింది.

"నా కూతురు నాకు ఇంగ్లీషులో రాస్తుందా? కారు దిగి అంగడి మెట్లెక్కడానికే ఆయాసపడే మనిషి కొండలెక్కుతుందా? పోనీ ఎక్కిందే అనుకో, దూలానికి వేలాడే పంది తొడ తింటుందా?"

అవి పందివట సార్! ఆ దేశం చూసొచ్చిన తన భర్త ఎప్పుడో చెప్పాడట. మీరు పైన చదివినప్పుడే నవ్వుకుని ఉంటారు. ఆ మాటలు కొట్టేద్దామనుకున్నాను గానీ, తప్పు కనబడాలి అని మీరే అనేవారు కదా, ఉంచేశాను.

మరి తెలిసీ ఎందుకు నడిచావని అడిగాను. "పాస్‌పోర్టులు చేతికిచ్చినా మీరు కదల్లేదు. నేను నడిస్తే తప్ప పోరని అర్థమైంది. పైగా బండి చప్పుడైనప్పుడు నువ్వు మాట ఆపేసి బెదిరిపోయేదానివి, చెబుతుంటే భయం మరిచేదానివి. ఖలాస్, ఇక అంతే అనుకుని నడిచాను" అంది. నేను ఆమెను నడిపిస్తున్నానని నెలరోజులుగా గర్వపడుతున్నాను.

రేపు పొద్దున ఐదింటికి లేస్తాం. అమ్మ రొట్టెలు కట్టిస్తుంది, మస్తానన్న సామాను మోస్తాడు. ఇంటికి తాళం పెద్ద మామానే వేసి చెవి మెడలో వేసుకుంటుంది. గుమ్మం నుంచి అబూ సాలెం కారు దాకా అరవై అడుగులు. ఆ అరవై అడుగులకూ స్పెయిన్ వద్దట. మా ఇంటి నుంచి మీ బడికి వచ్చే దోవ చెప్పమంది. వంక దాటే చోట మొదలుపెడతాను.