కాళ్లు పట్టని కుస్తీ

చెన్నమ్మకు,

తిప్పేష్ రాసేది. లహరి, నేను, మీ అమ్మ ముగ్గురమూ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వు కూడా అక్కడ కువైట్‌లో వేళకింత తిని, ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. అందరం క్షేమం అని రాయబోయాను గానీ చెయ్యి ఆడలేదు. ఎందుకో కింద రాస్తాను, ఓపిక పట్టు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకోవద్దు. శుక్రవారం మీ ఇంటి మేడం నీకు ఫోన్ ఇచ్చే కాసేపట్లో లహరి నా పక్కనే ఉంటుంది. దాని ముందర నోరు తెరవలేని సంగతి ఇది. నీ ఉత్తరం తెచ్చిన జిలానే మంగళవారం తిరిగి విమానం ఎక్కుతున్నాడు. గురువారంలోపల నీ చేతికే ఇస్తానని మాటిచ్చాడు. అల్లా మీద ప్రమాణం చేయించుకున్నాను. "ఏమప్పా, బంగారం పంపుతాండావా ఇంత జాగ్రత్త?" అని ఎగతాళి చేశాడు. చేయనీ.

నువ్వు అడిగినవాటికి జవాబులు ముందు రాస్తాను. మీ అమ్మ కన్ను ఆపరేషన్ బాగా అయింది. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్లందరికీ వంకలు పెడుతోంది. ఇదివరకు కనపడక ఊరుకునేది పాపం. ఆవును మీ అక్క వాళ్లూరికి తోలాను, అక్కడ చెరువు కింద ఇంకా పచ్చిక ఉంది. వాన సంగతి అడగొద్దు. చినుకులు చూసి మోసపోయి విత్తనం వేశాను. మొలక భూమి దాటలేదు. బోరు మోటారు వేస్తే గాలి వస్తోంది. బెంగళూరు నుంచి మేస్త్రీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, వాచ్‌మన్ పని ఉందని, కట్టే బిల్డింగు దగ్గరే రేకుల షెడ్డు ఇస్తారని. వస్తానని చెప్పేశాను. చెప్పక ఏం చేసేది? మీ అమ్మను మీ అక్క తీసుకుపోతానంది. మిగిలింది లహరి.

పిల్ల ఫోన్లో ఎందుకు ముభావంగా మాట్లాడుతోందని అడిగావు. దాన్ని మగపిల్లలు హద్దు దాటి ముట్టుకోవడం లేదు కదా, నీ ఒట్టు గుర్తుందా అని కూడా అడిగావు. గుర్తుంది. ఆ రెంటికీ ఒకటే జవాబు. అదే ఈ ఉత్తరం.

బడి వెనక అతావుల్లా సార్ గుంట తవ్వించి, ఊళ్లో అందరి కళ్లాల నుంచి శనక్కాయ పొట్టు మోయించి నింపి, పైన టార్పాలిన్ పట్ట కప్పి కుస్తీకి మెత్త చేశాడు కదా. మొదలుపెట్టినప్పుడు ముగ్గురు ఆడపిల్లలు వచ్చేవాళ్లు. ఇద్దరిని పెద్దమనుషులు కాగానే ఇంట్లో మాన్పించారు. మన లహరి ఒక్కటే మిగిలింది, మగపిల్లల మధ్య. వాళ్లలో మారుతి అందరికంటే గట్టివాడు. వాడు, ఇది జతగా చేసేవాళ్లు. మొదట్లో ఓడినా తర్వాత తర్వాత లహరి వాణ్ణి తిప్పి వేసేది. చేతులూ భుజాలూ పట్టిందంటే ఇక విడవదు, ఉడుంపట్టు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఈ పొద్దు గూడా మారుతిగాన్ని యేసినా నాయనా" అని తలుపు దగ్గర్నుంచే అరిచేది. మీ అమ్మ ముక్కు మీద వేలేసుకునేది. నాకు మటుకు ఛాతీ పొంగేది చెన్నమ్మా, దాచుకోవడమెందుకు.

పోయిన నెల అనంతపురంలో క్రీడల హాస్టలుకు ఎంపిక జరిగింది. ఆడపిల్లలకు వేరే, మగపిల్లలకు వేరే. నీకు ఫోన్లో ఏం చెప్పాను? జ్వరం తగిలి కొంచెంలో ఓడిపోయిందని. జ్వరం లేదు, ఏం లేదు. గట్టి పిల్లలాగా వెళ్లింది. ఎదురు వచ్చింది గుత్తి పిల్ల, సుష్మ అని, మనదానికంటే సన్నంగా ఉంది. నేను గెలిచినట్టే అనుకుని పక్కాయనకు మా పాప అని చూపించాను కూడా. విజిల్ వేశారు. లహరి చేతులు చాపి నిలబడింది. ఆ పిల్ల చేతుల వంక చూడనైనా లేదు. వంగి, రెండు కాళ్లూ పట్టి ఎత్తి వేసింది. మనది లేచింది. మళ్లీ అట్లాగే చేతులు చాపి నిలబడింది. మళ్లీ అదే. కాళ్లు వెనక్కి తీసుకోవాలని కూడా దానికి తోచలేదు. పాము ముందర కప్ప నిలబడినట్టు నిలబడింది నా బిడ్డ. నేను కుర్చీ మీదికెక్కి అరుస్తూనే ఉన్నాను, అంతలో అయిపోయింది.

తర్వాత ఆ సుష్మ నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది. మంచి పిల్ల. "మీ ఊర్లో ఎవురూ నీ కాళ్లు పట్టరా? మా అన్నోళ్లు నన్ను దినామూ ఎత్తేస్తాంటారు" అంది. లహరి బస్సులో తనకల్లు దాకా కిటికీ వైపే చూసింది. దిగేటప్పుడు అడిగింది.

"నాయనా, సార్ కాళ్లు పట్టేది నేర్పించినాడు, ఇడిపించుకునేదీ నేర్పించినాడు. మరి ఆటలో మనోళ్లు ఎవురూ ఎందుకు పట్టల్యా?"

"ఏమోనమ్మా" అన్నాను.

నీకు తెలుసు కదా ఎందుకో. కుస్తీకి పంపుతానంటే నువ్వు కువైట్ నుంచి ఏడ్చావు. మగపిల్లలతోనా అని. సరే, పంపు, కానీ వాళ్లు దాని కాళ్లు, నడుము పట్టకూడదు, భుజాలూ చేతులే పట్టాలి అన్నావు. కదిరి నరసింహస్వామి మీద ఒట్టు వేయించుకున్నావు. నాకూ అదే ధైర్యమనిపించింది. ఆట ఆడినట్టూ ఉంటుంది, ఊళ్లో మాట రాకుండానూ ఉంటుంది. సార్‌కు చెప్తే ఒప్పుకోడు. అందుకని ఒక సాయంత్రం మారుతినీ మిగతా పిల్లలనూ టీ అంగడి దగ్గర కూర్చోబెట్టి, మిరపకాయ బజ్జీలు పెట్టించి చెప్పాను. "ఒరేయ్, మా పాప కాళ్ల జోలికి పోగాకండి. సార్‌కు తెలీనీగాకండి" అని. వాళ్లకూ అదే కావాల్సి ఉండింది. ఆడపిల్లను పట్టాలంటే వాళ్లకూ సిగ్గే. "సరే మామా" అన్నారు. అంతే. మాట మీద నిలబడ్డారు పాపం, బంగారం లాంటి పిల్లలు.

సార్ తిట్టేవాడు. "ఏమిరా, ఆ పిల్లకు కాళ్లు ల్యావా? కనపడ్తాల్యా మీకు?" అని. వాళ్లు నేల చూపులు చూసేవాళ్లు. సిగ్గనుకుని సార్ ఊరుకునేవాడు. సార్‌ను ఏమనాలి? కన్నతండ్రే గొయ్యి తవ్వుతున్నాడని ఆయనకేం తెలుసు?

అనంతపురం పోకముందే బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మారుతి వాళ్లమ్మ చౌడేశ్వరి లేచింది. "ఆడపిల్లోళ్లకు వేరే పెట్టండి సార్. రేప్పొద్దున నా కొడుకు మీద ఏదన్నా మాటొస్తే ఎవురు జవాబు చెప్తారు?" అంది. ఆమె తప్పేం లేదు, మగపిల్లాడి తల్లి భయం ఆమెది. సగం మంది ఔనన్నారు. సార్ అన్నాడు: "పది మంది ఆడపిల్లోళ్లను పంపించండమ్మా, రేపే వేరే గుంట తవ్విస్తా. నేనే మొదట సంతోషపడ్తా. ఇప్పుడుండేది ఒక్క పిల్ల. ఒక్కదాన్ని వేరే పెడితే అది ఎవురితో ఆడల్ల? గోడతోనా?" నా వైపు చూశాడు. "తిప్పేషా, నువ్వేమంటావప్పా?" నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను చెన్నమ్మా. ఏమనేది? వేరు చేయాలా వద్దా అని ఊరంతా వాదిస్తోంది. నేను ఎప్పుడో వేరు చేసి పెట్టాను. పట్ట మీద అందరి కళ్లకూ కలిసే ఉన్నారు. వేరు చేసి ఉంటే కనీసం దానికి తెలిసేది, తనకు ఆట రాదని.

అనంతపురం నుంచి వచ్చాక లహరి ఊరుకోలేదు. మారుతిని గుంట దగ్గర నిలదీసింది. కాళ్లు పట్టు, పట్టరా అని గట్టిగా చొక్కా పట్టుకుంది. వాడు ఏడుపు మొహం పెట్టి, "మీ నాయనే వద్దన్నాడు, మా అందరితో మాట తీసుకున్నాడు" అని చెప్పేశాడు. ఇది ఇంటికొచ్చింది. నేను ఎండిన కట్టె కొడుతున్నాను. నా ముందర నిలబడి అడిగింది.

"అయితే నేను ఎప్పుడూ గెల్వలేదా నాయనా? అన్నీ దొంగ గెలుపులేనా?"

చేతులతో గెలిచావు కదమ్మా అన్నాను. ఆ మాట అన్నందుకు నా నాలుక కోసుకోవాలి.

అప్పటినుంచి కుస్తీకి పోవడం మానేసింది. బడికి పోతుంది, వస్తుంది, మూల కూర్చుంటుంది. పెట్టింది తింటుంది, తిన్నానని కూడా తెలియకుండా తింటుంది. మారుతి వచ్చి పిలిస్తే లోపలికి పోయింది. మీ అమ్మ దిష్టి తీసింది. దిష్టికి పోయే రోగమా ఇది!

సార్‌కు నేనే పోయి చెప్పుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. తల పట్టుకుని, "అన్యాయం చేస్తివి కదప్పా" అన్నాడు. మళ్లీ ఆయనే తిరిగి అనంతపురం పోయి, ఎవరెవరినో బతిమాలుకుని, ఇంకొక అవకాశం తెచ్చాడు. హాస్టల్లో ఒక్క సీటు మిగిలి ఉందట. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం మళ్లీ పరీక్ష పెడతారు. అదీ పోతే ఇక లేదు. వచ్చే ఏడాదికి దాని వయసు దాటిపోతుంది. సీటు వస్తే తిండి, చదువు, ఆట, అన్నీ అక్కడే. రాకపోతే నాతో బెంగళూరు షెడ్డుకు రావాలి. అక్కడ పిల్లల్ని చూశావు కదా పోయినసారి. ఇటుకలు మోస్తారు, చిన్నవాళ్లను ఆడిస్తారు. బడి మళ్లీ చూడరు. నేను ఇక్కడే ఉండిపోదామంటే తాగడానికే ట్యాంకర్ కోసం కొట్టుకుంటున్నాం.

నేనే నేర్పిద్దామని ఒకరోజు దాన్ని బలవంతంగా గుంట దగ్గరికి తీసుకుపోయాను. లుంగీ బిగించి పట్ట మీదికి దిగాను. రా, నేను కాళ్లు పడతా, తప్పించుకో అన్నాను. పట్టాను. అది తప్పించుకోలేదు చెన్నమ్మా. గోనెసంచి పడినట్టు పడింది. పడి, ఆకాశం వైపు చూస్తూ, "అయ్యిందా నాయనా? ఇంటికి పోదామా?" అంది. నేను అక్కడే పట్ట మీద కూర్చుని ఏడ్చాను. పిల్లలందరూ చూశారు. చూడనీ.

సార్ ఇంటికొచ్చి నచ్చజెప్పాడు. మగపిల్లలను ఆయన ఒప్పించాడు, చౌడేశ్వరిని కూడా. "నా ముందర, నలుగురి ముందర, ఆటలాగా ఆడ్తారు. పట్టాల్సిన చోట పడ్తారు, ఇడిసిపెట్టాల్సినప్పుడు ఇడిసిపెడ్తారు" అన్నాడు. ఆమె చివరికి, "ఆ పిల్ల బతుకు పోతుందంటే నాకేమి అడ్డం సార్" అంది. అందరూ ఒప్పుకున్నారు. లహరి ఒక్కటే ఒప్పుకోలేదు. నేనేం చెప్పినా నమ్మదు. "నువ్వు మల్లా వాళ్లకేమన్నా చెప్పింటావు. అమ్మను అడుగుతా. అమ్మ ఆడమంటే ఆడ్తా" అంది. శుక్రవారం అదే నిన్ను అడుగుతుంది.

ఇప్పుడు దాచింది చెప్తాను. ఆ షరతు నీదని దానికి తెలియదు. ఒట్టు సంగతి, నువ్వు ఏడ్చిన సంగతి, ఏదీ చెప్పలేదు. అంతా నా బుద్ధే అని చెప్పాను. నీ మీద కోపంతో రాయడం లేదు, నేను కూడా తలూపినవాణ్ణే. పైగా అక్కడెక్కడో ఒకరి ఇంట్లో గిన్నెలు తోముతూ, బిడ్డను కళ్లతో చూడలేని తల్లివి నువ్వు. భయపడక ఏం చేస్తావు? కానీ శుక్రవారం అది అడిగినప్పుడు ఒక్క క్షణం తడబడ్డావంటే, 'కాళ్లు పడతారా?' అని నీ నోటి నుంచి వచ్చిందంటే, దానికి అర్థమైపోతుంది. ఇక మనిద్దరిలో ఎవరి మాటా నమ్మదు. ఆ పరీక్షకు పోదు. నన్ను షెడ్డుకు పిల్చుకుపో అంటుంది. నేను పిల్చుకుపోవాల్సి వస్తుంది. స్వామి ఒట్టు పాపం నాకు తగలనీ, నేను మోస్తాను. నువ్వు మటుకు నన్ను ఆ మాట నుంచి విడిపించు.

నిన్న సాయంత్రం దాని తల దువ్వుతుంటే చాలా రోజుల తర్వాత తనంతట తాను ఒక మాట అంది. "అమ్మ ఈడ ఉండింటే నాకు ఇట్ల చేసుండదు."

ఔనమ్మా, చేసుండదు అన్నాను.

శుక్రవారం ఆ మాట నిజం చెయ్యి చెన్నమ్మా.

ఇట్లు,
మన లహరి నాయన,
తిప్పేష్