డొల్ల చప్పుడు

బావా,

చప్పుడు వేరు, సంగీతం వేరు అని పొయ్యేదాక మనవరాలితోని వాదించినవు. తప్పు చెప్పినవు. నువ్వు లేవని దిద్దకుండ ఊకుంటనా? ముప్పై ఏండ్లు బడిల దిద్దిన చెయ్యి నాది.

నిన్న మన మనవరాలు నిఖిత తాను సొంతంగ చేసిన, చప్పుళ్లు పుట్టించే సింథసైజర్‌ను, ఎనిమిది స్పీకర్లను కాలనీ హాల్ల పెట్టింది. ఏడు చుట్టూ, ఒకటి పైకప్పుకు వేలాడదీసి. రాగం లేదు, తాళం లేదు, ఒకటే గరగర. హాలు సెక్రటరీ నా చెవిల గొణిగిండు: "టీచరమ్మా, జనం లేచిపోతే హాలు మళ్ల ఇయ్యను."

అంతల పైన వేలాడే స్పీకర్ల నుంచి టక్కుటక్కుమన్నది. గనిల నువ్వు కట్టెతోని పైకప్పును కొట్టి చూసే చప్పుడే. చిన్నప్పుడు తలుపు మీద కొట్టి నిఖితకు నేర్పింది నువ్వే గదా, పైకప్పు డొల్లగ మోగితే కూలుతదని. మొదలు గట్టిగ మోగింది, తర్వాత డొల్లగ. వినంగనే గనిల పని చేసి రిటైరైన ముసలోళ్లంత లేచి, కుర్చీలతో సహా పక్కకు జరిగిండ్రు!

"సూడమ్మా, లేచిండ్రు," అన్నడు సెక్రటరీ.

"లేచిండ్రు గాని పోలేదు. పానం కాపాడిన చప్పుడు నాయనా అది. నీకు తెల్వకుంటే కూసోని విను," అన్న.

ఆఖరుదాక ఒక్కరు బయటికి పోలేదు. సెక్రటరీ హాలు మళ్ల ఇచ్చిండు.

మళ్ల వినిపించేది వచ్చే ఆదివారమే. చెప్పిన పని ఎన్నడు జల్ది చెయ్యలేదు, ఇదన్న చెయ్యి. పొద్దుగాల్నే వచ్చి, ఆ స్పీకర్ వేలాడే కాడ పైకప్పును కట్టెతోని ఒకసారి కొట్టి చూడు. పిల్ల దాని కిందనే కూసుంటది.